లండన్‌లో జాన్ స్నో పబ్బు, దాని పక్కన హ్యాండిల్ లేని పంపు

ముందే చెప్తున్నాను, నేను మందు ముట్టను. ఈ పబ్బుకు ఎవరి పేరు పెట్టారో ఆ డాక్టరు జాన్ స్నో గారు, కలరా నీళ్ల ద్వారా వస్తుందని ఇంటింటికీ తిరిగి చూపించినాయన, ఆయన కూడా జీవితంలో చాలా ఏళ్లు మందు ముట్టలేదు. పదిహేడో ఏటే మాంసం మానేశారు. నీళ్లు కూడా డిస్టిల్డ్ వాటరే తాగేవారు. అందుకని బీరు ఎలా ఉంది, ఏమేం రకాలు ఉన్నాయి అనేవి ఈ రివ్యూలో దొరకవు. నేను వెళ్లింది ఆ పేరు కోసం, వీధిలో నిలబెట్టిన ఆ పంపు కోసం. పిల్లల దగ్గరికి లండన్ వచ్చే మన అమ్మానాన్నలు బిగ్ బెన్, లండన్ ఐ, నీస్డెన్ స్వామినారాయణ గుడి చూసుకుని తిరిగి విమానం ఎక్కుతారు. ఒక పూట ఇక్కడికి కూడా రండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఆరోగ్య శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. ఏఎన్ఎమ్‌గా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. వానాకాలం వచ్చిందంటే భుజాన సంచి, అందులో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్లలు, క్లోరోస్కోపు డబ్బా. ఊరూరా తిరిగి కుళాయి నీళ్లు చిన్న గాజు గొట్టంలో పట్టి, మందు చుక్కలు వేసి, పసుపు రంగు తేలిందా లేదా అని చూసేవాళ్లం. రంగు తేలితే నీళ్లలో క్లోరిన్ ఉన్నట్టు. తేలకపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. ట్రైనింగ్‌లో జాన్ స్నో గురించి మాకు చెప్పింది మూడే ముక్కలు: కలరా వచ్చింది, మ్యాపు గీశాడు, పంపు హ్యాండిల్ తీయిస్తే కలరా ఆగింది. పరీక్షలో అదే రాశాం, మార్కులు వేశారు. అసలు పని ఆ మూడు ముక్కల్లో లేదని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

అమ్మాయి పురుడు కోసం వచ్చి హారోలో ఉంటున్నాను. మనవరాలికి మూడో నెల. బ్రాడ్విక్ స్ట్రీట్‌కు రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి టికెట్ కొనుక్కుని ఒక వాకింగ్ టూర్‌తో, రెండోసారి మా అల్లుడితో. ఆ టూరు కంపెనీ పేరు చెప్పను గానీ, ఆ డబ్బులు దండగ. రెండు గంటల టూరులో ఈ పంపు దగ్గర ఆగింది ఐదు నిమిషాలు. "ఇక్కడే జాన్ స్నో హ్యాండిల్ పీకించాడు, మర్నాటి నుంచి చావులు ఆగిపోయాయి" అని చెప్పి, అందరినీ ఫోటోలు దిగమని, ఎవరో సినిమా నటుడు ఉండే ఇంటివైపు తీసుకుపోయాడు. స్నో గారు ఎవరెవరి ఇళ్లకు వెళ్లారు, ఏమేం అడిగారు అని మా అల్లుడితో ఫోన్‌లో ఇంగ్లీషులో అడిగిస్తే గైడు నీళ్లు నమిలాడు. ఆ రోజు ఇంటికి వచ్చాక నాకు అన్నం సయించలేదు. అమ్మాయిని పోరి స్నో గారు స్వయంగా రాసిన కలరా పుస్తకం ట్యాబ్‌లో పెట్టించుకున్నాను. బిడ్డ నిద్రపోయినప్పుడల్లా నాకు అర్థం కాని చోట అమ్మాయి చదివి చెప్పింది. పదిహేను రోజులు పట్టింది. ఆ తర్వాత ఒక మంగళవారం అల్లుడు సెలవు పెట్టుకుని, "పదండి అత్తమ్మా, ఈసారి మీరే గైడు" అన్నాడు.

వెళ్లడం తేలిక. హారో అండ్ వీల్డ్‌స్టోన్‌లో బేకర్లూ లైను ఎక్కితే ఎక్కడా మారకుండా ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో దిగొచ్చు. అక్కణ్ణుంచి కార్నబీ స్ట్రీట్ చివరిదాకా నడిచి ఎడమకు తిరిగితే బ్రాడ్విక్ స్ట్రీట్. లెక్సింగ్టన్ స్ట్రీట్ కలిసే మూలమీద పబ్బు కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న నేనే మెల్లగా పావుగంటలో నడిచాను. ఆ రోజుల్లో ఈ వీధి పేరు బ్రాడ్ స్ట్రీట్. బ్రాడ్విక్ అని మార్చింది 1936లో.

ముందు పంపు. ఇది అసలు పంపు కాదు, దాని నమూనా. 1992లో పెట్టారు. పక్కన కట్టడాల పని వల్ల 2015లో తీసి, 2018లో మళ్లీ నిలబెట్టారు. నల్లటి పంపు, నీళ్లు పడే మూతి ఉంది, చెయ్యి వేసి కొట్టే హ్యాండిల్ మాత్రం కావాలనే పెట్టలేదు. మన ఊళ్లలో బోరింగు చెడిపోయి హ్యాండిల్ ఊడిపోతే ఎలా మొండిగా ఉంటుందో అలా ఉంది. అసలు పంపు ఎక్కడుండేదో ఆ చోట ఫుట్‌పాత్ అంచున ఎర్ర గ్రానైట్ రాయి ఒకటి వేశారు. చాలామంది దాని మీదుగానే నడిచిపోతున్నారు. మీరు వెళ్తే ఆ రాయి వెతికి చూడండి, నా మటుకు నాకు పంపు కన్నా అదే ముఖ్యం.

ఆ రాయి దగ్గర నిలబడి నేను అల్లుడికి చెప్పిన కథ ఇది.

1854 ఆగస్టు 31 రాత్రి ఈ చుట్టుపక్కల ఒక్కసారిగా కలరా లేచింది. మూడు రోజుల్లో 127 మంది పోయారు. పది రోజుల్లో ఐదు వందలు దాటారు. చివరి లెక్క 616. ఒక్క చిన్న పేటలోనే ఇంతమంది. కలరాను మా నాయనమ్మ గత్తర అనేది, ఆ మాట పలికితే గొంతు తగ్గించేది, ఎందుకో నాకు ఆ అంకెలు చదివాక తెలిసింది. స్నో గారు అప్పుడు సాక్‌విల్ స్ట్రీట్‌లో ఉండేవారు, ఇక్కడికి నడిచొచ్చే దూరం. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి చనిపోయినవాళ్ల జాబితా తెచ్చుకున్నారు. ఆ వారం చివరి మూడు రోజుల్లో 83 పేర్లు. ఆ జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. తలుపు కొట్టడం, "మీ ఇంట్లో పోయినవాళ్లు నీళ్లు ఎక్కడివి తాగేవారు?" అని అడగడం. తెల్లారి శవం లేచిన ఇంట్లో మధ్యాహ్నం ఆ ప్రశ్న అడగడం ఎంత కష్టమో మా డిపార్ట్‌మెంట్‌లో చేసినవాళ్లకు తెలుసు. గడపలో నిలబడితే లోపల ఏడుపు వినిపిస్తుంటుంది, చేతిలో రిజిస్టరు ఉంటుంది, అడక్కుండా వెనక్కి రాలేం.

83 మందిలో 73 మంది ఇళ్లు ఈ పంపుకే దగ్గర. వాళ్లలో 61 మంది ఈ నీళ్లు రోజూనో అప్పుడప్పుడో తాగినవాళ్లని తేలింది. ఇంకెవరైనా అయితే అక్కడితో ఆగిపోతారు. ఆయన మిగిలిన పదిమంది దగ్గరికి కూడా వెళ్లారు. వాళ్ల ఇళ్లకు వేరే పంపు దగ్గర. మరి వాళ్లెందుకు పోయారు? ఐదు కుటుంబాలవాళ్లు "మాకు ఆ దగ్గరి పంపు నీళ్లు నచ్చవు, బ్రాడ్ స్ట్రీట్ నుంచే తెప్పించుకుంటాం" అన్నారు. ఇంకో ముగ్గురు పిల్లలు, ఈ పంపు పక్కనున్న బడికి వచ్చేవాళ్లు.

తర్వాత చావు రాని ఇళ్లు పట్టుకున్నారు. పోలండ్ స్ట్రీట్‌లో దిక్కులేని పేదల్ని ఉంచి పని చేయించే వర్క్‌హౌస్, అందులో 535 మంది. చుట్టూ ఇళ్లలో శవాలు లేస్తుంటే అక్కడ పోయింది ఐదుగురే. వాళ్లకు లోపలే సొంత బావి ఉంది. ఇదే వీధిలో బీరు తయారుచేసే కంపెనీ, డెబ్బై మందికి పైగా పనివాళ్లు, ఒక్కరూ చావలేదు. వాళ్లకు కంపెనీ బీరే ఇచ్చేది, పైగా సొంత బావి. అదే 37 నంబరులో తుపాకీ పేల్చడానికి వాడే చిన్న మందు మూతలు (పర్కషన్ క్యాపులు) చేసే ఈలీ వాళ్ల ఫ్యాక్టరీలో పనివాళ్ల కోసం రెండు తొట్ల నిండా ఈ పంపు నీళ్లు పెట్టేవారు. అక్కడ రెండు వందల మందిలో 18 మంది పోయారు.

ఆ ఈలీ వాళ్ల తల్లి కథ దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పట్టుకుంది. ఆమె ఈ పేటలో ఉండటం మానేసి హ్యాంప్‌స్టెడ్‌కు వెళ్లిపోయింది. అక్కడ కలరా లేదు. కానీ బ్రాడ్ స్ట్రీట్ నీళ్ల రుచి మరవలేక రోజూ బండి మీద ఒక సీసాడు తెప్పించుకునేది. ఆమె పోయింది. చూడటానికి వచ్చిన ఆమె చెల్లెలో అన్నో బిడ్డ, ఇస్లింగ్టన్‌లో ఉండే అమ్మాయి, ఆ నీళ్లు తాగి తన ఊరికి వెళ్లి పోయింది. నీళ్ల రుచి మీద మమకారం అనేది నాకు కొత్త కాదు. తొంభైల్లో మా ఏరియాలో ఒక ఊళ్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. అన్నీ చెరువు కింది చేదబావి చుట్టూ ఇళ్లే. ఒక్క ఇల్లు మాత్రం ఊరికి ఆ చివర, కుళాయి ఇంటి ముందే ఉంది. ఆ ఇంట్లో ముసలామెకు ఎందుకొచ్చిందో మాకు రెండు రోజులు అంతుపట్టలేదు. మూడో రోజు ఆమె మంచం పక్కన కూర్చుని వంట సంగతి అడిగితే చెప్పింది: "కుళాయి నీళ్లకు పప్పు ఉడుకదు బిడ్డా, చేదబాయి నీళ్లకైతే వెన్నలెక్క ఉడుకుతది. నా మనుమడు పొద్దుగాల ఒక బిందె తెస్తడు." ఉడికిన పప్పుతో ఏమీ కాదు. అదే బిందెలోంచి ఒక చెంబు తాగేది. బావి చప్టాకు పగులు ఉంది, బట్టలుతికిన నీళ్లు దాంట్లోంచి లోపలికి దిగుతున్నాయి. నీళ్లలో మలినం కలిస్తే నల్లబడే పరీక్ష సీసాలో ఆ నీళ్లు నల్లగా మారడం నేను నా కళ్లతో చూశాను. అప్పటికి ఈలీ వాళ్ల అమ్మ గురించి నాకు తెలియదు. తెలిసుంటే మొదటి రోజే పప్పు గురించి అడిగేదాన్ని.

ఇక హ్యాండిల్. సెప్టెంబరు 7 సాయంత్రం స్నో గారు ఆ పేట బాగోగులు చూసే సెయింట్ జేమ్స్ పారిష్ పెద్దల మీటింగుకు వెళ్లి తన లెక్క చెప్పారు. మర్నాడు 8న హ్యాండిల్ తీసేశారు. వాళ్లు ఆయన మాట పూర్తిగా నమ్మి తీశారని కాదు. ఆ కాలంలో పెద్ద పెద్ద డాక్టర్లు చాలామంది చెడు వాసన, చెడు గాలి వల్లే కలరా వస్తుందని అనుకునేవారు. అయితే ఆ టూరు గైడు చెప్పినట్టు మర్నాటి నుంచి చావులు ఆగిపోలేదు. అప్పటికే జనం ఇళ్లు వదిలి పారిపోయారు, కేసులు తగ్గుముఖం పట్టాయి. ఈ మాట ఆయన తన పుస్తకంలో స్వయంగా రాసుకున్నారు. నాకు ఆయన మీద గౌరవం పదింతలు పెరిగింది అక్కడే. తన వల్లే ఆగిందని చెప్పుకోవడానికి అంత అవకాశం ఉండి కూడా చెప్పుకోలేదు. మ్యాపు కూడా ముందు గీసింది కాదు. తిరగడం అంతా అయ్యాక, తను కనుక్కున్నది నలుగురికీ కంటికి కనపడేలా చూపించడానికి గీశారు.

మరి హ్యాండిల్ తీయడం వృథాయేనా? కాదు. దీనికి జవాబు ఇంకొకాయన దగ్గర ఉంది. బెర్విక్ స్ట్రీట్‌లో సెయింట్ లూక్స్ చర్చి పాదిరి హెన్రీ వైట్‌హెడ్. ఆయనకు మొదట స్నో గారి మాట మీద నమ్మకం లేదు. తప్పని నిరూపిద్దామనే బయల్దేరి, ఆయన కూడా ఇల్లిల్లూ తిరిగారు. పేటలో ప్రతి కుటుంబం ఆయనకు తెలుసు. ఒకే ఇంటికి నాలుగైదుసార్లు వెళ్లి అడిగేవారు. తిరిగిన కొద్దీ ఆయనకే నమ్మకం కుదిరింది. 1855లో చావుల రిజిస్టరు తిరగేస్తుంటే పంపు ఎదుట 40 నంబరు ఇంట్లో ఐదు నెలల పాప విరేచనాలతో పోయినట్టు కనిపించింది. పాప పేరు ఫ్రాన్సెస్. ఆగస్టు 28న జబ్బు చేసింది, అంటే ఊరంతా పడిపోవడానికి మూడు రోజుల ముందు. సెప్టెంబరు 2న పోయింది. తల్లి సారా లూయిస్ పాప గుడ్డలు బకెట్లో నానబెట్టి ఆ నీళ్లు ఇంటి ముందు మలగుంటలో పోసింది. తవ్వి చూస్తే ఆ గుంట ఇటుకలు కుళ్లిపోయి ఉన్నాయి. గుంటకూ పంపు కింద బావికీ మధ్య దూరం రెండు అడుగుల ఎనిమిది అంగుళాలు. నేను ఆ ఎర్ర రాయి పక్కన వంగి చేత్తో కొలిచాను. రెండు మూరలు కూడా లేదు. నీరు పల్లమెరుగు అంటాం, ఆ తల్లికి ఏం తెలుసు. బిడ్డ గుడ్డలు ఉతికింది, అంతే. ఆ రోజు పొద్దున్నే నేను మనవరాలికి నీళ్లు పోసి, గుడ్డలు మెషీన్లో వేసి వచ్చాను. ఆ బకెట్టు నా కళ్ల ముందునుంచి పోలేదు.

ఇక్కడే హ్యాండిల్ సంగతి. పాప తండ్రి కానిస్టేబుల్ థామస్ లూయిస్. ఆయనకు కలరా పట్టుకున్నది సెప్టెంబరు 8న, సరిగ్గా హ్యాండిల్ తీసిన రోజే. పదకొండు రోజులు బాధపడి 19న పోయారు. అన్ని రోజులూ ఆ ఇంటి మలినం అదే గుంటలోకి పోయి ఉంటుంది. పంపు నడుస్తూ ఉంటే రెండోసారి అంతా మళ్లీ మొదలయ్యేది. ఇది చెప్పేసరికి మా అల్లుడు ఫోన్ జేబులో పెట్టేసి, "అత్తమ్మా, ఇదెవరూ చెప్పలేదే!" అన్నాడు.

పబ్బులోకి వెళ్దాం. దీనికి మొదట న్యూకాజిల్ అపాన్ టైన్ అని ఊరి పేరు ఉండేది, 1955లో స్నో గారి పేరు పెట్టారు. ఆ పాత పేరు కూడా కలిసొచ్చిందనే అనిపించింది, ఎందుకంటే ఆయన వైద్యం నేర్చుకున్నది ఆ న్యూకాజిల్‌లోనే. యార్క్‌లో నది ఒడ్డున కూలి పనివాడి ఇంట్లో, తొమ్మిది మంది పిల్లల్లో పెద్దవాడిగా పుట్టారు. పద్నాలుగేళ్లకు న్యూకాజిల్‌లో ఒక సర్జన్ దగ్గర పనికి కుదిరారు. 1831లో అక్కడ కలరా వస్తే, పద్దెనిమిదేళ్ల కుర్రవాణ్ణి కిల్లింగ్‌వర్త్ బొగ్గు గనుల దగ్గరికి పంపారు. గనివాళ్లు లోపల ఎనిమిది తొమ్మిది గంటలు ఉంటారు, అక్కడే తింటారు, అక్కడే దొడ్డికి కూర్చుంటారు, చేతులు కడుక్కునే నీళ్లుండవు. కలరా నోటి దారినే లోపలికి పోతుందన్న ఆలోచనకు బీజం ఆ గనుల్లోనే పడిందని నాకు అనిపిస్తుంది. 1836లో చదువు కోసం లండన్‌కు నడిచి వచ్చారు. బస్సు రాని ఊళ్లకు నడిచి వెళ్లిన మేము అదేదో పెద్ద కష్టం అనుకునేవాళ్లం.

లోపల చెక్క పనితనం, పాతకాలపు కట్టడం. ఇది శామ్యూల్ స్మిత్ కంపెనీ పబ్బు, వీళ్ల పబ్బుల్లో పాటలు పెట్టరు, టీవీ ఉండదు. నాలాంటిదానికి అదే హాయి, ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. మంగళవారం మధ్యాహ్నం రద్దీ లేదు. నాకు లెమనేడ్, అల్లుడికి ఒక గ్లాసు బీరు. ఆ బీరు కంపెనీ పనివాళ్ల సంగతి విన్నాక తాగకుండా ఉండలేను అన్నాడు, సరే అన్నాను. మేడ మీద గదిలో గోడలకు స్నో గారి బొమ్మ, మ్యాపు, ఆయన గురించిన కాగితాలు ఫ్రేములు కట్టి పెట్టారు. నేను అక్కడ గంటకు పైగా ఉన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్కో గ్లాసు పెట్టుకుని గంట కూర్చుంటే మన దగ్గర సర్వర్ వచ్చి టేబుల్ తుడవడం మొదలుపెడతాడు.

ఆ గోడల ముందు నేను అల్లుడికి ఇంకోటి కూడా చెప్పాను. అందరూ పంపు అంటారు గానీ, ఆయన చేసిన పెద్ద పని థేమ్స్ నదికి ఆ ఒడ్డున, దక్షిణ లండన్‌లో జరిగింది. అక్కడ రెండు వాటర్ కంపెనీల పైపులు ఒకే వీధిలో పక్కపక్కనే ఉండేవి. ఒకటి సౌత్‌వార్క్ అండ్ వాక్సాల్, అది ఊరి మురుగు కలిసే బ్యాటర్‌సీ దగ్గర నది నీళ్లు తోడేది. రెండోది ల్యాంబెత్ కంపెనీ, అది 1852లో ఎగువన థేమ్స్ డిటన్‌కు మారింది. ఒకే గాలి, ఒకే వీధి, ఒకే రకం ఇళ్లు, నీళ్లు మాత్రం వేరు. అద్దెకున్నవాళ్లకు తమ ఇంటికి ఏ కంపెనీ నీళ్లు వస్తాయో తెలియదు. స్నో గారు ఒక ఉపాయం కనిపెట్టారు. కిందికి వచ్చిన నదిలో ఉప్పు ఎక్కువ. సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే బ్యాటర్‌సీ నీళ్లు తెల్లగా పెరుగు విరిగినట్టు అవుతాయి, డిటన్ నీళ్లు పల్చగా మసకబారి ఊరుకుంటాయి. ఇంటింటా చిన్న సీసాలో నీళ్లు పట్టుకుని పరీక్ష చేశారు. మా క్లోరోస్కోపు డబ్బాకు ఆయన తాతగారన్నమాట! ఆ లెక్కలు మా డిపార్ట్‌మెంట్ వాళ్లు నోటికి నేర్చుకోవాలి: సౌత్‌వార్క్ కంపెనీ నీళ్లు వెళ్లే 40,046 ఇళ్లలో 1,263 చావులు, ల్యాంబెత్ కంపెనీ 26,107 ఇళ్లలో 98. పది వేల ఇళ్లకు చూస్తే 315 ఒకవైపు, 37 ఒకవైపు. ఇంత చేసినా అప్పటి ప్రభుత్వ కమిటీ ఈ వాదన ఒప్పుకోవడానికి కారణం కనపడలేదని 1855లో రాసింది.

ఆయన చేసిన ఒక్క పని మాత్రం నాకు మింగుడు పడలేదు. అదే ఏడాది పార్లమెంటు కమిటీ ముందుకు వెళ్లి, ఎముకలు ఉడికించే ఫ్యాక్టరీల తరఫున, ఆ వాసనల వల్ల అంటురోగాలు రావని సాక్ష్యం చెప్పారు. కలరా విషయంలో అది నిజమే. కానీ ఆ పొగ పక్కన బతికే జనం దగ్గు, వాంతి, తలనొప్పి ఎవరు చూడాలి? లాన్సెట్ అనే వైద్య పత్రిక ఆయన్ని చాలా కఠినంగా తిట్టింది. ఆ తిట్టిన తీరు తప్పే, అయినా నేను ఆ గదిలో ఉండి ఉంటే, డాక్టరు గారూ, ఆ ఊరివాళ్లను కూడా అడిగారా అని అడిగేదాన్ని.

1858 జూన్ 10న రాసుకుంటూ ఉండగానే పక్షవాతం వచ్చి, 16న పోయారు. నలభై ఐదేళ్లే. పెళ్లి చేసుకోలేదు. ఆ వేసవిలోనే థేమ్స్ కంపు పార్లమెంటు లోపలిదాకా కొట్టి, కొత్త మురుగు కాలువలకు డబ్బు మంజూరైంది. అది ఆయన చూడలేదు. ఆయన పోయారని లాన్సెట్ రాసిన రెండు వాక్యాల్లో కలరా మాటే లేదు.

పక్షవాతం వచ్చిన రోజున ఆయన రాస్తున్నది కలరా గురించి కాదు, క్లోరోఫామ్ అనే మత్తుమందు గురించి. మన హైదరాబాద్‌వాళ్లకు ఇక్కడ ఒక చుట్టరికం ఉంది. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణికి కాన్పులో రుమాలు మీద క్లోరోఫామ్ చుక్కలు వేసి నొప్పి తగ్గించింది స్నో గారే. 1857లో ఇంకో కాన్పుకు కూడా ఆయన్నే పిలిపించుకుంది. పుస్తకం ఆయన పోయాక వచ్చింది. అందులో క్లోరోఫామ్ ఎక్కువైతే గుండె మీద దెబ్బ పడుతుందని రాశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1888, 1889లో, నిజాం డబ్బుతో హైదరాబాద్‌లో రెండు క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు నడిపించారు. గుండె కాదు, ముందు ఆగేది ఊపిరే అని వాళ్లన్నారు. తర్వాతి పరిశోధనల్లో గుండె మాటే నిలబడింది. అమ్మాయికి ఇక్కడి ఆస్పత్రిలో వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి నొప్పి తగ్గించినప్పుడు నేను పక్కనే ఉన్నాను. మా రోజుల్లో ఓర్చుకోవే అనేవాళ్లం కాన్పు గదిలో. నేనూ అన్నాను, ఎంతమందితోనో. ఆ మాట మేడ మీద గదిలో గుర్తొచ్చింది.

ఇంకో సంగతి. స్నో గారు పుట్టింది 1813 మార్చి 15న. మా సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలకు పెద్దలు చెప్పే కథ మొదలయ్యేది కూడా 1813లోనే. ఆ ఏడు గత్తరకు వేల మంది పోయారని, ఉజ్జయినిలో ఉన్న డోలీ మోసే సైనికుడు తల్లికి మొక్కుకున్నాడని చెప్తారు. నేను ప్రతి ఏటా బోనం ఎత్తాను, ప్రతి ఏటా అదే ఆషాఢంలో బావుల్లో బ్లీచింగ్ పోయించాను. నాకు ఈ రెంటి మధ్య గొడవ ఎప్పుడూ రాలేదు.

దిగి వచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర విజిటర్స్ బుక్ ఉందా అని అడిగించాను. జాన్ స్నో సొసైటీ వాళ్లది, అడిగితే తీసి ఇస్తారు. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి పెన్ను కూడా ఇచ్చి, మీరు డాక్టరా అన్నాడు. కాదు, ఫీల్డ్ స్టాఫ్ అన్నాను. అల్లుడు ఇంగ్లీషులో ఏమని చెప్పాడో గానీ ఆ అబ్బాయి ఒకసారి తల వంచాడు. అంతకు ముందు పేజీల్లో ఎన్ని దేశాలవాళ్ల సంతకాలో. నేను తెలుగులోనే రాశాను, నా పేరు, నా హోదా, దాని కింద నాతో పాటు ఎండలో వానలో తిరిగిన ముగ్గురు ఏఎన్ఎమ్‌ల పేర్లు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

మార్కులు వేయమంటే, పంపుకు, రాయికి, మేడ మీద గదికి ఐదుకు ఐదు. టూరుకు ఒకటి. వెళ్లేవాళ్లు వారం మధ్యలో, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల వెళ్లండి. మోకాళ్ల నొప్పి ఉంటే మెట్లు నెమ్మదిగా ఎక్కండి. పసిపిల్లలతో వెళ్లాలనుకుంటే ముందు ఫోన్ చేసి అడిగి వెళ్లండి. వెళ్లే ముందు ఆయన పుస్తకంలో బ్రాడ్ స్ట్రీట్ భాగం ఒక్కటైనా ఎవరిచేతనైనా చదివించుకోండి, పాతిక పేజీలు కూడా ఉండదు. వాన రోజైతే ఇంకా మంచిది. మేం బయటికి వచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి, పొడిగా ఉన్నప్పుడు వెలిసినట్టున్న ఆ రాయి తడిసి ఎర్రగా తేలింది. అల్లుడు గొడుగు పట్టాడు, నేను ఇంకోసారి వంగి, ఫోటో తీసుకున్నాను.